గ్యాసక్క అల్లం బీరు

పోయిన నెల బెంగళూరులో మా మేనల్లుడు నన్నొక బీరు అంగడికి తీసుకుపోయాడు. అక్కడే కాచి, అక్కడే స్టీలు డ్రమ్ముల్లో నింపి, కొళాయి తిప్పి గ్లాసుల్లో పోస్తారు. పోసే ఆయన నడుముకు నల్లగుడ్డ కట్టుకుని, గడ్డం నున్నగా దువ్వుకుని, ఆపరేషనుకు సిద్ధమైన డాక్టరులా ఉన్నాడు. కొళాయి తిప్పాడు. సగం గ్లాసు బీరు, సగం గ్లాసు నురగ. నేను ఆ నురగ వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఇది ఇంతే సార్. నురగ ఉంటేనే అందం" అన్నాడాయన.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎంత పెద్దగా నవ్వానంటే పక్క బల్లల వాళ్ళు సెల్‌ఫోన్లు దించి నా వైపు చూశారు. మేనల్లుడు బల్ల కింద నా కాలు తొక్కి, "ఏం మామా, తాగకముందే ఎక్కిందా?" అన్నాడు.

వాడికేం తెలుసు! ఆ కుర్చీలో నా బదులు గ్యాసక్క కూర్చుని ఉంటే, ఆ గ్లాసు తీసి ఆయన చేతిలోనే పెట్టి, "దీంతో గడ్డం గీసుకో నాయనా. తాగేది యాడుండాదో చూపీ" అని ఉండేది.

గ్యాసక్క పోయి రెండేళ్ళయింది. ఆమెకొక పేరుండేది, ఓటర్ల లిస్టులో ఉండే ఉంటుంది. ఊళ్ళో మాత్రం దాన్ని పలికినవాళ్ళు లేరు. మాది బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారికి కాస్త లోపలగా ఉండే ఊరు. వాన మా ఊరికి అడ్రసు తప్పి వచ్చినట్టు వచ్చి, ఐదు నిమిషాలు నిలబడి, 'ఇది కాదే' అనుకుని వెళ్ళిపోతుంది. అలాంటి ఊళ్ళో బస్సు నిలిచే చోట ఒక రేకుల కొట్టం, అందులో ఆమె గోలీసోడా అంగడి. మొగుడు పోతూపోతూ ఆమెకు మిగిల్చింది మూడు: ఒక సోడా మిషను, ఒక గ్యాసు సిలిండరు, సీసా పగిలి ఎడమ కనుబొమ్మ మీద పడిన గాటు. ఆ గాటు గురించి అడిగినవాళ్ళకు అడిగినట్టల్లా కొత్త కథ చెప్పేది. నాకైతే చిరుతపులి అని చెప్పింది. కథలల్లడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నానని మా ఇంట్లోవాళ్ళ అనుమానం.

ఆమె సోడా గొంతులోకి దిగేది కాదు, ముక్కులోకి ఎక్కేది. ఒకసారి నేను తాగి తుమ్మితే ఎదురుగా ఉన్న బస్సు ముందు టైరులో గాలి తగ్గింది. మీరు నమ్మరని తెలుసు. డ్రైవరు కూడా నమ్మలేదు, కానీ దిగి చూసుకున్నాడు.

పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, తలకు తువ్వాలు చుట్టుకుని, మగవాళ్ళలా మునిగాళ్ళ మీద కూర్చునేది. ఏ వస్తువు చల్లగా ఉందో చూడాలన్నా చేత్తో తాకేది కాదు, చెంప ఆనించేది. "చెయ్యి పని చేసి చేసి మొద్దుబారిపోయింటాది అబ్బీ. చెంప అబద్ధం చెప్పదు" అనేది. సీసాకు, కుండకు, ఐసు దిమ్మకు, ఆఖరికి ఆసుపత్రి నుంచి వచ్చిన మా అమ్మ నుదుటికి కూడా ఆమె చెంపే ఆనించింది. "జరం తగ్గింది, బువ్వ పెట్టు" అని చెప్పి పోయింది. నిజంగానే తగ్గింది.

కాలం గడిచేకొద్దీ గోలీ సీసాలు పగిలి తరిగిపోయాయి. కొత్తవి దొరకడం లేదు. నూరు సీసాలు ఇరవై అయ్యాక ఒకరోజు పొద్దున్నే మా గడపలో నిలబడింది.

"అబ్బీ, బండి తియ్యి. సోమందేపల్లె పోవల్ల."

అక్కడ హైవే పక్కన పాత సామాన్లు అమ్మే గుజిరీ అంగడి ఉంది. బెంగళూరులో ఏదో బారు మూతబడితే దాని పాత సామానంతా అక్కడికి చేరింది. కుర్చీలు, అద్దాలు, రంగు దీపాలు, వాటి మధ్య నాలుగు స్టీలు డ్రమ్ములు. ఒక్కోటి నడుమెత్తుంది. సొట్టలు పడి ఉన్నాయి. గ్యాసక్క రంగు దీపాల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. డ్రమ్ముల చుట్టూ పశువుల సంతలో తిరిగినట్టు తిరిగింది. వేలి కణుపుతో కొట్టింది. చెవి పెట్టింది. మూత తిప్పి చూసింది.

"ఇది గ్యాసును పట్టి నిలబెడతాది" అంది.

"అక్కా, అవి బీరు డ్రమ్ములు" అన్నాను మెల్లగా.

"అయితే? డ్రమ్ముకేమన్నా కులముండాదా? కడిగితే శుభ్రం."

మోపెడ్డుకు అటొకటి ఇటొకటి కట్టి, మధ్యలో గ్యాసక్కను కూర్చోబెట్టుకుని ఊరికి తోలాను. మిగిలిన రెండూ మర్నాడు లారీలో వచ్చాయి. మేము పెనుకొండ దాటకముందే వార్త మా ఊరు చేరిపోయింది. గ్యాసక్క బీరు కాస్తాందంట!

ఆమె కాచింది బీరు కాదు. అల్లం దంచి, బెల్లం పాకంలో వేసి, నిమ్మరసం పిండి, దాంట్లో తోడు వేసేది. పాలకు పెరుగు తోడు వేసినట్టే. ఆ తోడు ఒక ఊరగాయ జాడీలో బతికేది. రోజూ దానికి కొంచెం అల్లం, కొంచెం బెల్లం తినిపించేది. బంధువుల ఇంటికి పోయి రాత్రి నిలవాల్సి వస్తే జాడీని చంకలో పెట్టుకునే పోయేది. రెండు రోజులు నీడలో పొంగనిచ్చి, అది మత్తు దారి పట్టకముందే వడగట్టి డ్రమ్ముల్లో పోసేది. అయినా ఊరు దానికి అల్లం బీరు అనే పేరు పెట్టింది. దాంతో ఒక కానిస్టేబులు విచారణకు వచ్చాడు. మత్తు ఎక్కుతుందా లేదా తేల్చుకోవడానికి మూడు గ్లాసులు తాగి, బెంచీ మీద గంటసేపు కూర్చుని, ఎక్కడం కోసం ఎదురుచూశాడు. ఎక్కలేదు.

"ఏమక్కా, ఊరికే ఇంత దూరం రప్పించినారు" అని దిగులుగా వెళ్ళిపోయాడు.

డ్రమ్ముకు గ్యాసు ఎక్కించేటప్పుడు చూడాలి ఆమెను. సిమెంటు తొట్టిలో డ్రమ్ములు దించి, చుట్టూ ఐసు కూరి, పైన రంపపు పొట్టు, దాని మీద తడి గోనెపట్టాలు. పూటంతా అట్లా ఉంచి, చెంప ఆనించి చూసి, అప్పుడు సిలిండరు తిప్పేది. తర్వాత డ్రమ్మును చాప మీద పడుకోబెట్టి, మునిగాళ్ళ మీద కూర్చుని, ఉయ్యాల ఊపినట్టు ఒక చేత్తో ముందుకూ వెనక్కూ దొర్లించేది. లోపల గ్యాసు నీళ్ళలోకి దిగుతూ కుయ్ కుయ్‌మనేది. ఆ శబ్దం ఆగిపోతే, తాగడానికి సిద్ధమైనట్టు.

"గ్యాసు కొత్తల్లుడు మాదిరి అబ్బీ" అనేది దొర్లిస్తూ. "చల్లగా చూసుకుంటే ఇంట్లో ఉంటాడు. రోంత వేడి తగిలితే అలిగి లేచి పోతాడు."

ఇదంతా రెండేళ్ళు బాగా నడిచింది. అప్పుడు సర్పంచి బామ్మర్ది కన్ను ఆ కొట్టం మీద పడింది.

స్థలం పంచాయతీది. బామ్మర్ది అక్కడ కూల్‌డ్రింకుల అంగడి పెట్టాలనుకున్నాడు. రెండు గాజుతలుపుల ఫ్రిజ్‌లు కూడా తెచ్చి బావగారి ఇంటి వరండాలో పెట్టుకున్నాడు. సర్పంచి చెడ్డవాడేం కాదు, కానీ ఇంట్లో భార్య మాట దాటలేడు. ఒక సాయంత్రం అంగడికి వచ్చి, గ్యాసక్క ఇచ్చిన గ్లాసు కూడా ముట్టుకోకుండా నిలబడ్డాడు. ముట్టుకోకపోయేసరికే ఆమెకు అర్థమైపోయింది.

"ఏమప్పా, చెప్పల్లనుకున్నేది చెప్పు" అంది.

"ఏం లేదమ్మే, కాలం మారిపోయింది. జనం సీసా నీళ్ళు అడుగుతాండారు. నువ్వింగ ఇంటికాడ్నే అమ్ముకో. ఈడ మా వాడు అంగడి పెట్టుకుంటాడు."

ఊరి చివర గుట్ట కింద ఉంది ఆమె ఇల్లు. అక్కడికి మేకలు కూడా దారి అడిగి పోవాలి. ఇంటికాడ అమ్ముకో అంటే మానెయ్యి అన్నట్టే. ఆమె గ్లాసు కిందపెట్టి, తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంది.

"జనం ఏమడుగుతాండారో జనాన్నే అడుగుదాం. ఉగాదికి బండలాగుడు పందెం ఉండాది గదా. నా డ్రమ్ములు నేను తెస్తా. నీ బామ్మర్ది ఫ్రిజ్‌లు వాడు తెచ్చుకోనీ. జనం యెవురికాడ తాగితే ఈ స్థలం వాళ్ళది. ఆ మాట నువ్వే మైకులో చెప్పల్ల."

బెంచీల మీద అప్పటికే పదిమంది చేరారు. సర్పంచి కాదనలేకపోయాడు. "సరేలేమ్మే" అన్నాడు.

బండలాగుడు అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఎద్దుల జతకు పెద్ద రాతిబండ కట్టి లాగిస్తారు. ఎవరి ఎద్దులు ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. శింగనమల, తాడిమర్రి వైపు నుంచి కూడా జనం వస్తారు. ఆ ఎండలో చూసేవాళ్ళ నాలుకలు ఎద్దుల నాలుకల కంటే పొడుగ్గా వేలాడతాయి.

ఆ ముందురోజు గ్యాసక్క ఒక తప్పు చేసింది. ముప్పై ఏళ్ళు గోలీసోడా చేసిన మనిషి మాత్రమే చేయగలిగిన తప్పు. గోలీసోడాలో గ్యాసు ఎంత గట్టిగా ఉంటే గోలీ అంత బిగుసుకుంటుంది, సోడా అంత గొప్పది. ఆ లెక్కే పట్టుకుని, "ఊరూరూ వస్తాండారు, గట్టిగుండల్ల" అంటూ గ్యాసు కొలత చూపే సిలిండరు ముల్లు రోజూ ఉండే చోటికి రెండింతలు పోయేదాకా తిప్పింది. మర్నాడు నాలుగు డ్రమ్ములూ తొట్టి, సిలిండరుతో సహా ట్రాక్టరెక్కించి, గుంతల దారిలో మైదానానికి తెచ్చాం. డ్రమ్ము మూతికి మూరెడు పొడుగు లావు పైపు ముక్క బిగించి, దాని కొసన కొళాయి. అంగడిలో అదే వాడేది.

మొదటి గ్లాసు పట్టి కొళాయి తిప్పింది.

నురగ. గ్లాసు నిండా నురగ, చెయ్యంతా నురగ, మోచేయి దాకా నురగ. రెండో గ్లాసూ అంతే. బకెట్టు పెట్టి పడితే బకెట్టు నిండా తెల్లగా లేచి, కింద మట్టిలో పడి, ఒక మేకపిల్ల వచ్చి అందులో కాళ్ళు పెట్టుకుని నిలబడింది. చలువగా ఉంది కాబోలు. అడుగున చూస్తే రెండు గుక్కల అల్లం నీళ్ళు, అవీ చప్పబడిపోయి.

ఎదురుగా షామియానా కింద రెండు ఫ్రిజ్‌లు పెట్టుకుని బామ్మర్ది నిలబడ్డాడు. తెల్లచొక్కా, మెడలో గొలుసు.

"అక్కా, గుడ్డలుతుకుతాండావా? మావి రెండు జతలుండాయి, పంపేదా?"

జనం గొల్లుమన్నారు. దాహంతో వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అటు తిరిగారు. కొందరు పోతూ పోతూ నా వైపు జాలిగా చూశారు. ఆమె వైపు చూసే ధైర్యం వాళ్ళకు లేదు.

"అక్కా, రోంత గ్యాసు వదిలేద్దాం" అన్నాను.

"వదిలితే చప్పనైపోతాది. చప్పది పోసి నా స్థలం నిలబెట్టుకుంటానా?"

ఆమె కొళాయి మూసేసింది. తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుంది. మళ్ళీ చుట్టుకోలేదు. అలాగే చేతిలో పట్టుకుని మైదానం పక్కకు నడిచి, కంచె దగ్గర నిలబడింది. కంచె అవతల ఒక చీనీ తోట, అన్నీ బత్తాయి చెట్లు. బోరు మోటరు మోగుతోంది. డ్రిప్పు నడుస్తోంది.

గ్యాసక్క ఒక చెట్టు మొదలు వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తోందేమో అనుకుని దగ్గరికి పోయాను.

"అబ్బీ, ఆ మోటరు ఎంత గట్టిగ తోస్తాంది?"

"బాగానే తోస్తాంది."

"మరి చెట్టుకాడ చూడు. ఎట్ల పడతాండాది?"

చూశాను. పెద్దపైపు నుంచి చీలి వచ్చిన నల్లటి సన్నగొట్టం కొసన నీళ్ళు అరవకుండా, చిమ్మకుండా, ధారగా మెల్లగా చెట్టు మొదట్లోకి జారుతున్నాయి.

"సన్నగొట్టంలో దూరం నడిచొచ్చేసరికి దాని పొగరంతా దిగిపోయింది" అంది గ్యాసక్క. "నేను దాన్ని మూరెడు దూరంలో వదిలిపెట్టి, ఎగరాకు అంటాండా!"

అంతే, చీర ఎత్తి కట్టుకుని జనంలోకి దూరింది. తోట రైతు బండ ముందర నిలబడి తన ఎద్దుల కోసం గొంతు చించుకుంటున్నాడు. ఆయన మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"రెడ్డీ, కొత్త సన్నగొట్టం చుట్ట ఉండాదా నీ షెడ్డులో?"

"ఉండాది గానీ, నా ఎద్దులు లాగుతాండాయక్కా!"

"అవి లాగుతాయిలే. నువ్వు తాళమియ్యి."

టీ అంగడిలో మరిగే నీళ్ళు అడిగి తెచ్చి, గొట్టం లోపలంతా రెండుసార్లు కడిగాం. మూడు బారల ముక్క కోసింది. డ్రమ్ము మూతికి పెట్టి, సైకిలు ట్యూబు రబ్బరు పీలికతో ఊపిరాడకుండా చుట్టింది. మిగతా గొట్టాన్ని జిలేబీలా చుట్టలు చుట్టి ఐసు బకెట్టులో ముంచి, కొస మాత్రం పైకి తీసింది. డ్రమ్ముకు చెంప ఆనించింది. సిలిండరు ముల్లును మాత్రం వేలితో కూడా ముట్టుకోలేదు.

కొస నుంచి సన్నటి ధార వచ్చింది. బెల్లం రంగు. శబ్దం లేదు. గ్లాసు వాలుగా పట్టుకుంటే అంచు వెంబడి దిగింది. పైన వేలెడు నురగ నిలబడింది, పాల మీద మీగడలా. లోపల అడుగు నుంచి ముత్యాల్లాంటి బుడగలు వరస కట్టి పైకి పోతున్నాయి.

ఆ గ్లాసు నాకే ఇచ్చింది. తాగాను. చల్లదనం పళ్ళను పట్టుకుంది, అల్లం గొంతును పట్టుకుంది, గ్యాసు ముక్కులోంచి నడినెత్తికి పోయి అక్కడ టపాకాయలా పేలింది. ఒక క్షణం నాకు శింగనమల చెరువు నిండుగా కనబడింది. కండ్లలోంచి నీళ్ళు కారుతుంటే, "అక్కా!" అని మాత్రం అనగలిగాను.

పక్కనున్నవాడు నా ముఖం చూసి, "నాకొకటి" అన్నాడు. వాడి ముఖం చూసి ఇంకొకడు. మిగతా మూడు డ్రమ్ములకూ గొట్టాలు కట్టేలోపే వరస కట్టారు. వరస ఎద్దుల దారికి అడ్డం పడితే కమిటీవాళ్ళు వచ్చి పక్కకు తిప్పారు. తిప్పినవాళ్ళు కూడా అందులోనే నిలబడిపోయారు.

షామియానా కింద బామ్మర్ది పరిస్థితి వేరుగా ఉంది. పొద్దున్నుంచి ఫ్రిజ్ తలుపు మూసే తీరికే లేదు. తీస్తూ ఉంటే ఏ ఫ్రిజ్ చల్లబడుతుంది? మధ్యాహ్నానికి అతని సీసాలు ఎండలో కాగిన నీళ్ళలా ఉన్నాయి. మూత తిప్పితే బుస్సుమని సగం చొక్కా మీదే పడుతోంది. మా డ్రమ్ములు రంపపు పొట్టులో, గోనెపట్టాల కింద, పొద్దున ఎట్లా దించామో అట్లాగే ఉన్నాయి.

సాయంత్రం రెడ్డి ఎద్దులు గెలిచాయి. ఆయన గెలుపు చెప్పడానికి సర్పంచి మైకు పట్టుకున్నాడు. పొద్దున్నుంచి అరిచి అరిచి గొంతు పోయింది, పాపం. గ్యాసక్క జనాన్ని చీల్చుకుంటూ పోయి, గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. ఈసారి ముట్టుకోకుండా ఉండలేకపోయాడు. ఒక్క గుక్కలో ఎత్తేశాడు. మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయాడు.

అప్పుడొచ్చింది తేపు. నాలుగు మైకు పెట్టెల్లోంచి, నాలుగు దిక్కులకూ, సింహం గుహలో నుంచి వచ్చినట్టు వచ్చింది. గెలిచిన ఎద్దులు చెవులు నిక్కించాయి. ధర్మవరంలో రైలు వచ్చిందనుకుని గేటు వేశారని ఇప్పటికీ చెబుతాను. మీరు తగ్గించుకోండి.  తర్వాత ఈలలు, కేకలు, తువ్వాళ్ళు గాల్లోకి.

సర్పంచి ఎర్రబడ్డాడు. మైకు వైపు చూశాడు, జనం వైపు చూశాడు, చివరికి తనూ నవ్వేశాడు.

"ఇంగ నేను చెప్పేదేముండాదప్పా! స్థలం గ్యాసక్కది. నేనుండేవరకూ ఆమెదే."

ఆ కేకల్లో ఆమె తలకు తువ్వాలు చుట్టుకోవడం చూశాను. తొందరపడకుండా, నాలుగు మలుపులూ సరిగ్గా వేసుకుంటూ. తర్వాత ఒక గ్లాసు నింపుకుని నేరుగా షామియానా కిందికి పోయింది. బామ్మర్ది ఖాళీ సీసాల పెట్టె మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా మీద మరకలు ఆరిపోయి అట్టలు కట్టాయి.

"తాగు లే. నువ్వూ పొద్దున్నుంచి ఎండలోనే ఉండావు గదా."

అతను తల ఎత్తలేదు. ఆమె గ్లాసు దించలేదు. చివరికి తీసుకున్నాడు. తాగాడు. ఖాళీ గ్లాసు తిప్పి తిప్పి చూశాడు.

"ఎట్ల చేసినావక్కా ఇది?" అన్నాడు చిన్నగా.

"రేపు పొద్దున రా. చెప్తా."

మర్నాడు మొదటి బస్సు కోసం నేను ఆరింటికే పోయాను. కొట్టం ముందర గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద బామ్మర్ది, మెడలో గొలుసు వీపు వైపు తిప్పుకుని, బుట్టెడు అల్లం ముందు పెట్టుకుని చెక్కు గీకుతున్నాడు. తనంగడికని ముందే రాయించి పెట్టుకున్న బోర్డు, అక్షరాలు కిందికి తిప్పి, ఐసు తొట్టి మీద మూతగా పడి ఉంది.

లోపలి నుంచి గ్యాసక్క గొంతు వినిపించింది.

"అంత మందంగా గీకితే ఇంగ అల్లమేముంటాది లే? సన్నగా గీకు, సన్నగా!"